పాప అన్నం తినడం లేదు, ఏ టానిక్ వాడాలి?

ప్రశ్న: మా పాపకు 20 నెలలు, బరువు 9.5 కిలోలు. అన్నం రెండు ముద్దలకు మించి తినదు. పాలు మాత్రం సీసాతో రోజుకు దాదాపు లీటరు తాగుతుంది. ఈమధ్య మట్టి, గోడ సున్నం గీకి తింటోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆకలి టానిక్ నెల రోజులు వాడితే కొంచెం తిన్నది, ఆపగానే మళ్లీ మామూలే. బరువు పెరగడానికి మంచి టానిక్ చెప్పగలరు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, ఈ వయసు ఆడపిల్లకు 9.5 కిలోలు ఆందోళన పడవలసిన బరువు కాదు. మీరు చివర్లో అడిగిన బరువు కంటే, మధ్యలో ఒక్క మాటలో దాటవేసిన మట్టి, సున్నం సంగతే నన్ను ఆలోచింపజేస్తోంది. కాల్షియం తక్కువై పిల్లలు సున్నం తింటారని ఇళ్లలో అనుకుంటారు గానీ, ఇటువంటప్పుడు మేము ముందుగా అనుమానించేది ఐరన్ లోపాన్ని, దానివల్ల వచ్చే రక్తహీనతను. పాలలో ఐరన్ చాలా తక్కువ. పైగా లీటరు పాలతో కడుపు నిండిన పిల్లకు అన్నం మీద ఆకలి ఎక్కడిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో సుమారు 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది కాబట్టి ఇది అరుదైన అనుమానమేమీ కాదు. అయితే పాపను చూడకుండా ఇదే జబ్బని నేను నిర్ధారించలేను.

ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించి, సీబీపీ (రక్తకణాలు, హీమోగ్లోబిన్ లెక్క చూసే రక్తపరీక్ష), వారు అవసరమనుకుంటే ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి జన్యువును మోసేవారిలోనూ హీమోగ్లోబిన్ తక్కువగానే కనిపిస్తుంది కనుక, మీ అంతట మీరు ఐరన్ మందు మొదలుపెట్టవద్దు. ఐరన్ లోపమని తేలితే పాప బరువును బట్టి మోతాదు నిర్ణయిస్తారు. హీమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా శరీరంలో నిల్వలు నిండడానికి మరికొన్ని వారాలు వాడవలసి ఉంటుంది. ఆ మందుతో విరేచనం నల్లగా వస్తే భయపడి ఆపేయకండి. నులిపురుగుల మందు ఎప్పుడు వేయించారో రాయలేదు, అదీ డాక్టరుకు చెప్పండి. గోడకు పాత పెయింటు ఉంటే సీసం ఒంట్లో చేరే ప్రమాదం ఉంది, ఆ విషయం కూడా దాచవద్దు.

ఇక ఆ టానిక్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మన దగ్గర ఆకలి మందుల పేరుతో అమ్మే చాలా సీసాల్లో ఉండేది సైప్రోహెప్టడిన్. అది నిజానికి అలర్జీ మందు, ఆకలి పెరగడం దాని పక్క ప్రభావం. రెండేళ్లలోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. మత్తు, చిరాకు కలిగించవచ్చు. అసలు నష్టం మరొకటి: పాప నాలుగు ముద్దలు తిన్నదన్న ఊరటలో నెల గడిచిపోయింది, పరీక్ష ఆలస్యమైంది. మెదడు వేగంగా ఎదిగే ఈ వయసులో ఐరన్ లోపం ఎక్కువ కాలం కొనసాగడం మంచిది కాదు. మీ మీద కోపం కాదు గానీ, చీటీ లేకుండా పసిపిల్లకు నెల రోజుల మందు ఇచ్చిన షాపు మీదా, తీసుకున్న మీ మీదా నాకు అభ్యంతరం ఉంది.

పాలను రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లకు తగ్గించి, సీసా మాన్పించి గ్లాసుతో, అన్నం తిన్న తర్వాతే ఇవ్వండి. మొదటి నాలుగు రోజులు ఏడుస్తుంది, ఏడవనివ్వండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, మీరు తినేవారైతే మెత్తగా ఉడికించిన మాంసం పెట్టి, కాస్త నిమ్మరసం పిండండి. టీ చుక్క కూడా వద్దు. పాప ఆయాసపడినా, ఆటలు మాని మగతగా పడుకున్నా, అరచేతులు బాగా తెల్లబారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.