పక్క షాపులో తక్కువ జీతానికే ఎందుకు ఉంటున్నారు?

"పన్నెండు వేలు ఇస్తున్నా మా బట్టల షాపులో ఎవరూ ఆరు నెలలు నిలవట్లేదు. పక్క షాపులో పదకొండు వేలకే ఏళ్ల తరబడి ఉంటున్నారు. ఎందుకు?" అని అడిగారు. విజయవాడ వన్‌టౌన్‌లో తొమ్మిదేళ్లు చీరల కౌంటర్లో పనిచేశానండీ. రెండేళ్లు ఒక షాపులో, ఏడేళ్లు ఇంకో షాపులో.

మొదటి షాపు మానేసింది జీతం చాలక కాదు, షాపు కట్టేసే టైమ్ వల్ల. తెనాలి నుంచి రైల్లో సీజన్ టికెట్ మీద వచ్చేదాన్ని. తొమ్మిదింటికి కట్టే షాపు తొమ్మిదిన్నర చేశారు. ఆషాఢం సేల్ అన్నారు, తర్వాత శ్రావణం అన్నారు, దసరా అన్నారు. దీపావళి వెళ్లినా తొమ్మిదిన్నరే. షట్టర్ దించాక కూడా, విప్పిన చీరలన్నీ మడతలు పెట్టి సర్దితే గానీ పంపరు. రైలు వెళ్లిపోయేది. బస్టాండుకు పరుగెత్తి, బస్సెక్కి ఇంటికి చేరేసరికి పదకొండు దాటేది. అమ్మ సందు చివర నిలబడి ఉండేది. "అరగంటే కదమ్మా" అన్నారు మేనేజర్ గారు. బస్సు ఛార్జీలకే నెలకు వెయ్యికి పైగా అయ్యేది.

రెండో షాపులో వెయ్యి తక్కువకే చేరాను. అక్కడ కౌంటర్ వెనక స్టూళ్లుండేవి. బేరం లేనప్పుడు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడితే పాదాలు వాచి చెప్పులు పట్టవు. షాపుల్లో కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాయంటే ఎంతమంది బాధపడి ఉంటారో చూడండి.

ఇంకోటి ఈఎస్ఐ, అంటే జీతంలో కొంత కోసి, యజమాని కొంత కలిపి కట్టే ప్రభుత్వ ఆరోగ్య బీమా. మొదటి షాపులో కటింగ్ లేకుండా జీతమంతా చేతికిచ్చేవారు, బాగుందనుకున్నాను. రెండో షాపులో కార్డు వచ్చాక, అమ్మకు గర్భసంచి ఆపరేషన్ గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో చేయించాను. అప్పు చేయాల్సిన పని లేకపోయింది. ఆ తర్వాత ఎక్కువ జీతం ఇస్తామని ఇద్దరు పిలిచినా వెళ్లలేదు. పది మంది, ఆ పైన పనిచేసే షాపుల్లో 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. మీరిచ్చే పన్నెండు వేల జీతంలో మనిషికి కోసేది నెలకు 90 రూపాయలు. మీరు కట్టాల్సింది 390.

అలాగని పక్క షాపువాళ్లంతా ఇష్టంతోనే ఉన్నారనుకోకండి. అడ్వాన్సు తీసుకుని, అది తీర్చలేక ఉండిపోయేవాళ్లు ఉంటారు. మా కౌంటర్లోనే ఒకామె నలభై వేలు తీసుకుని, నెలకు వెయ్యి చొప్పున కోయించుకుంటూ మూడేళ్లకు పైగా కదల్లేకపోయింది. దాన్ని నమ్మకం అనడం నాకు నచ్చదు. దీనికి పూర్తిగా వ్యతిరేకం, పని బాగున్నా మానేసిన అక్క ఒకామె ఉంది. పదేళ్లు నిండితే పీఎఫ్ పింఛనుకు హక్కు వస్తుందని తెలుసు. కానీ చెల్లెలి పెళ్లికి మధ్యలో ఇచ్చే పీఎఫ్ సొమ్ము సరిపోలేదు. మొత్తం తీసుకోవాలంటే మానక తప్పదని ఎనిమిదో ఏట మానేసింది. వెళ్లే రోజు ఏడ్చింది.

మీ దగ్గర మానేసినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. కోపం తగ్గాక నిజమే చెబుతారు. ఈలోగా ఒక వారం, షట్టర్ ఎన్నింటికి దించుతున్నారో, ఆఖరి అమ్మాయి ఎన్నింటికి బయటికి వస్తోందో, రెండూ రాసి పెట్టుకోండి.