‘అనే’ అన్న చిన్న మాట

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గ్రూప్స్ పరీక్ష రెండోసారి కూడా పోయిందని, పుస్తకం తెరిచేసరికి ‘నేను దేనికీ పనికిరాను’ అన్న మాటే ముందు వస్తోందని, ధ్యానానికి కూర్చుంటే అది మరింత పెరుగుతోందని బ్రాడీపేట నుంచి నువ్వు రాసిన ఉత్తరం చదివాను. ధ్యానమంటే మనసును ఖాళీ చేసుకోవడమని నీకెవరు చెప్పారో గాని, పొరపాటు అక్కడే ఉంది. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మీ అమ్మమ్మ చెప్పేది, గుర్తుందా? 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని విద్యార్థులకు చెప్పి, వద్దన్నకొద్దీ అదే తలపుకొస్తుందన్న ఆ సంగతినే ప్రయోగంలో చూపించాడు.

నేను బ్యాంకులో ఉన్నప్పుడు ఒక సాయంత్రం నా లెక్కలో తేడా వచ్చింది. మరునాడు పదింటికల్లా తప్పు దొరికింది, కానీ ‘నేను చేతకానివాణ్ణి’ అన్న మాట మాత్రం నెలల తరబడి రాత్రి రెండు గంటలకు నన్ను లేపేది. చివరికి దాన్ని ‘నేను చేతకానివాణ్ణి అనే ఆలోచన వచ్చింది’ అని మార్చి అనుకోవడం అలవాటు చేసుకున్నాను. ‘అనే’ చేరగానే తీర్పు కాస్తా కబురైపోతుంది. కబురును విని ఊరుకోవచ్చు, నమ్మి తీరాలని లేదు.

పొద్దున చదువుకు ముందు పది నిమిషాలు చాలు. పాదాలు నేలకు ఆనించి కుర్చీలో కూర్చుని, ముక్కుపుటాల దగ్గర గాలి చల్లగా లోపలికి పోవడాన్ని, గోరువెచ్చగా బయటికి రావడాన్ని గమనించు. నాలుగు శ్వాసలైనా తిరగకముందే ఆలోచన వస్తుంది, రానీ. దానితో వాదించకు, మంచి ఆలోచనతో కప్పెట్టాలనీ చూడకు. ‘అనే’ తగిలించి, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో (నాకైతే గొంతు కింద బిగుసుకునేది) ఒక్క క్షణం చూసి, శ్వాస దగ్గరికి వచ్చెయ్యి. నలభైసార్లు దారి తప్పి నలభైసార్లు తిరిగివస్తే ఆ రోజు సాధన బాగా సాగినట్టే లెక్క. 1979లో జాన్ కబాట్-జిన్ అనే అమెరికా ఆచార్యుడు మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన ఇలాంటి ధ్యాన శిక్షణ ఎనిమిది వారాలది కనుక, నాలుగు రోజులకే మానెయ్యకు. ఆయన దాన్ని బౌద్ధ సాధన నుంచే తీసుకున్నాడు. అమరావతి స్తూపం పక్కన పెరిగిన మనకు అది అమెరికా మీదుగా తిరిగి రావడం తమాషాయే.

కళ్ళు మూసుకుంటే గాభరా పెరిగితే తెరిచే ఉంచు. తిండి, నిద్ర రెండు వారాలైనా కుదురుకోకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ధ్యానంతో సరిపెట్టుకోకుండా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. నాకూ చెయ్యి. రాత్రి రెండు గంటలకు మెలకువ రావడం నాకింకా పోలేదు గనుక మొహమాటపడకు.

ఇట్లు,
మామయ్య