రాత్రి లైటు కాడికొచ్చే ఆకులాంటి పురుగు మిడతా, కీచురాయా? ఏ జాతి?

మీరు అలిపిరి దగ్గర ఇంట్లో, వానలప్పుడు లైటు కాడికొచ్చే ఎండుటాకులాంటి పొడుగు కాళ్ళ పురుగు గురించి అడిగారు కదా, మాదీ తిరుపతే, కొండ కిందే ఇల్లు, చాలా ఏళ్ళుగా వీటిని గమనిస్తా ఉన్నా కాబట్టి చెప్తున్నా.

ముందు మీసాలు చూడండి. పొలం గట్లమీద ఎగిరే మిడతకి పొట్టిగా ఉంటాయి, దీనికి వెంట్రుకంత సన్నగా, ఒంటికన్నా పొడుగ్గా ఉంటాయి. అందుకే చూపుకి మిడతలా ఉన్నా చుట్టరికం మాత్రం కీచురాళ్ళతోనే, టెట్టిగోనిడే అనే కుటుంబం, బుష్ క్రికెట్ అనీ కాటిడిడ్ అనీ అంటారు. అట్లని అసలు కీచురాయి కూడా కాదు, కీచురాయి పాదంలో మూడు ముక్కలుంటే దీనికి నాలుగు.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి ఇది మెకోపోడా ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) అనుకుంటున్నా, 1831లో సర్విల్ అనే ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరు, పొడుగు కాళ్ళది అని అర్థం. రంగు చూసి వేరే జాతి అనుకోవద్దండీ, పచ్చవీ ఉంటాయి, గోధుమరంగువీ ఉంటాయి.

ఒకసారి ఒక మగదాన్ని హార్లిక్స్ సీసాలో పెట్టి టార్చి వేసి చూశా. ముందుకాళ్ళకి మోకాలి కింద నూనెబొట్టు పెట్టినట్టు మెరిసే చిన్న పొర ఉంది, అదే దాని చెవి! ఎడమ రెక్క కుడి రెక్క మీద ఉంటుంది (కీచురాయికి కుడిది పైన), ఆ ఎడమ రెక్క అడుగున ఆకురాయిలా పళ్ళ వరస, దాన్ని కుడి రెక్క అంచు గీరితే వచ్చేదే ఆ శబ్దం. అరిచేది మగదే. ఆడదాని వెనక కత్తిలాంటిది చూసి కుట్టే ముల్లు అని భయపడతారు, పాపం అది గుడ్లు పెట్టే గొట్టం. ఇంకోమాట, వెనక కాలు పట్టుకుని మాత్రం ఎత్తకండి, నేనట్లా పట్టుకుంటే కాలు నా చేతిలోనే వదిలేసి దూకేసింది, పెద్దదైన పురుగుకి అది మళ్ళీ రాదని తర్వాత తెలిసి చాలా బాధపడ్డా.

ఇక జాతి సంగతి, ఇక్కడే చిక్కంతా. జీవులకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లోనే వర్ణించిన మెకోపోడా ఎలాంగేటా అని అందరూ రాసేస్తారు గానీ, బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) నుంచి నిత్యానంద, రోహిణి బాలకృష్ణన్ అనే పరిశోధకులు 2006లో చూపించింది ఏంటంటే, దక్షిణ భారతంలో ఈ ప్రజాతిలో చూడ్డానికి తేడా పట్టలేని వాటిలోనే ఐదు రకాల పాటలున్నాయి, ఒకదానికి రైలు అనీ ఇంకోదానికి హెలికాప్టర్ అనీ పేర్లు కూడా పెట్టారు. కాబట్టి ఫోటో ఎంత బాగున్నా చాలదు. ఈరోజు చీకటి పడ్డాక ఫ్యాన్ ఆపేసి, కిటికీ కాడ ఫోన్ పెట్టి ఒక రెండు నిమిషాలు రికార్డ్ చేసి, టైము రాసి ఇక్కడ పెట్టండి, విని చెప్తా.