ఎమిలియో నవైరా తొలి ఆల్బమ్ 'లైఫ్ ఈజ్ గుడ్' అంటారు, నిజమేనా?

సగం నిజం. 1995లో క్యాపిటల్ నాష్‌విల్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసిన 'లైఫ్ ఈజ్ గుడ్' ఆయన తొలి ఇంగ్లీష్ కంట్రీ ఆల్బమ్ మాత్రమే. అప్పటికే అమెరికాలోని టెక్సస్‌లో ఆయన పెద్ద టెహానో సంగీత స్టార్. 80లలో డేవిడ్ లీ గార్జా బృందంలో పాడాడు, 1989లో సొంతంగా గ్రూపో రియో అనే బృందం పెట్టుకున్నాడు. అదే 1995 ఫిబ్రవరిలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ స్టేడియంలో టెహానో గాయని సెలీనా పాడిన చివరి పెద్ద కచేరీ రోజున వేదిక పంచుకున్నదీ ఈయనే.

టెహానో అంటే టెక్సస్ మెక్సికన్ల పాట. మాట స్పానిష్, నడక చాలావరకు పోల్కా అనే యూరప్ నాట్య లయ. ఆ పోల్కా, అకార్డియన్ జర్మన్, చెక్ వలసదారుల నుంచి వచ్చాయి. శాన్ ఆంటోనియోలో పుట్టిన కుర్రాడికి రేడియోలో ఇదీ వినిపించేది, కంట్రీ కూడా వినిపించేది. కాబట్టి కౌబాయ్ టోపీ కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ కోసం కొత్తగా పెట్టుకున్నది కాదు.

ఆల్బమ్‌లోని 'ఇట్స్ నాట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్' బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో 27 దాకా వెళ్లింది. టెహానోలో ఆయనకున్న స్థాయికి అది తక్కువే అంటాను. ముందు స్పానిష్ పాటలు విని, తర్వాత ఇది వినండి.