పెద్దమ్మ ఇంట్లో కప్పూ సాసరూ

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పుట్టి పెరిగింది అండమాన్‌లో, లిటిల్ అండమాన్ దీవిలోని హట్ బేలో. తాతగారిది భీమిలి దగ్గర ఊరు. సునామీ తర్వాత, 2005లో, నాన్న భయపడి మమ్మల్ని విశాఖ తీసుకొచ్చేశారు. అమ్మానాన్నలు ఇప్పుడు లేరు. గాజువాకలో ఉంటున్నాం. ఇన్నేళ్లలో ఒక్కసారే, నాలుగేళ్ల కిందట, వారం రోజులకి వెళ్లాను. జెట్టీలో టిక్కెట్టు దగ్గర ఐలాండర్ కార్డు అడిగారు. లేదంటే పక్క లైన్లోకి పొమ్మన్నారు. అక్కడే ఏడుపొచ్చింది. పెద్దమ్మ ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చి, నాకు మాత్రం కప్పూ సాసర్లో తెచ్చిచ్చారు. చిన్నప్పటి స్నేహితురాలు ‘మీ మెయిన్‌ల్యాండ్‌లో’ అంటూ మాట్లాడింది. ‘ఇక్కడెలా ఉంటున్నారు పెద్దమ్మా, వైజాగ్ వచ్చేయండి, నేను చూసుకుంటాను’ అన్నాను. ఎవరూ పలకలేదు. మరుసటేడు పెద్దమ్మ చిన్నకొడుకు పోయాడు. పాప పరీక్షల వల్ల వెళ్లలేదు, ఫోన్‌లో మాట్లాడాను. ఇప్పుడు మాఘంలో అన్నయ్య కూతురి పెళ్లి. హోటల్లో దిగి, పెళ్లి చూసుకుని, హేవ్‌లాక్ దీవి తిరిగి వచ్చేద్దామంటున్నారు మావారు. మళ్లీ ఆ పరాయితనం పడలేను. టూరిస్టుల్లా వెళ్లొచ్చేయడమే నయమా?

జవాబు: అమ్మా, జెట్టీలో లైను గురించీ, కప్పూ సాసరు గురించీ అంత రాశారు. తమ్ముడి చావు మాత్రం రెండు ముక్కల్లో దాటేశారు. ఉత్తరం చదువుతూ నేను అక్కడే ఆగిపోయాను.

2011 లెక్కల ప్రకారం ఆ దీవి మొత్తం మీద 18 వేల పైచిలుకు జనం. రేవు నుంచి ఉత్తరానికి ఒకటే రోడ్డు, దాని మీద ఎన్నో కిలోమీటరో చెబితే ఏ ఊరో తెలిసిపోతుంది. అంత చిన్న చోట ఎవరింట్లో చావు జరిగినా పొయ్యి వెలిగించేది పక్కింటివాళ్లే. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఒకరు లెక్కపెట్టి చెప్పక్కర్లేదు. కబురు అందాక దహనానికి మీరు అందుకోలేరు, అది వాళ్లకీ తెలుసు. మన విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడంటే రెండున్నర రోజుల మాట, అదీ ఎప్పుడు కదులుతుందో కనుక్కోవాలి. అక్కణ్ణుంచి హట్ బేకి మళ్లీ ఇంకో ఓడ. కానీ ఆ తర్వాత మూడేళ్లు గడిచాయి. ఏడాదికైనా వెళ్లి పెద్దమ్మ పక్కన ఒక పూట కూర్చుని ఉండాల్సింది. ఇది మీ తప్పే. నొచ్చుకోకండి, సరిదిద్దుకోగలిగిన తప్పు కాబట్టే చెబుతున్నాను.

ఇంకో మాట, మీరు ప్రేమగా అన్నది. ‘ఇక్కడెలా ఉంటున్నారు, వచ్చేయండి.’ 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున ఏం జరిగిందో మీరూ చూశారు. ఆ తర్వాత కొన్నాళ్లకే మీరు ఓడెక్కారు. అక్కడే ఉన్నవాళ్లు రేకుల షెల్టర్లలో ఏళ్ల తరబడి ఉన్నారు. ఎండకి కాలిపోయే ఆ రేకుల కింద పిల్లల్ని పెంచారు, మళ్లీ పడవలు కొనుక్కున్నారు, మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. అంత కష్టపడి నిలబెట్టుకున్న ఇంట్లో కూర్చుని, ఇక్కడెలా ఉంటున్నారని మీరు అడిగారు. వాళ్లు ఏమని పలుకుతారు?

మీరు వెళ్లిపోయినందుకు మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పకండి. అప్పుడు మీకు ఇరవై మూడేళ్లు. నాన్నగారు రమ్మన్నారు, వచ్చారు. పిల్లల్ని ఆ దీవికి దూరంగా తీసుకుపోవాలని ఆ తండ్రికి అనిపించడంలో తప్పేముంది?

జెట్టీలో కార్డు సంగతి మనసులోంచి తీసేయండి. ఆ కార్డు అక్కడ కాపురముంటున్నవాళ్లకి టిక్కెట్టు చవగ్గా రావడానికి. కౌంటర్లో కూర్చున్నవాడు మీరు ఎక్కడ ఉంటున్నారో చూశాడు. ఎక్కడ పుట్టారని అడగడం అతని పని కాదు. నాకూ ఒకసారి ఇలాగే అయింది. నేను పుట్టింది కోనసీమలో ఒక లంకలో. చాలా ఏళ్ల తర్వాత వెళ్తే రేవులో పడవ కుర్రాడు ‘ఎవరింటికండీ?’ అని అడిగాడు. ఒళ్లు మండింది. నా రేవులో నన్నే అడుగుతాడా అనిపించింది. నాన్న పేరు చెప్పాను. ‘ఆయన తాలూకానా, రండి, ఇటు కూర్చోండి’ అని చెక్క మీద తడి తువ్వాలుతో తుడిచి చోటిచ్చాడు. వాడికి ఇరవై ఏళ్లుంటాయి. నేను వాడు పుట్టకముందే ఊరొదిలినదాన్ని. వాడు అడగడమే న్యాయం.

పెద్దమ్మ కప్పూ సాసరు కూడా నాకు అలాగే కనిపిస్తోంది. ఆవిడ అద్దాల బీరువాలోంచి తీసి, కడిగి, తుడిచి, మీకోసం పట్టుకొచ్చి ఉంటారు. మీరు చుట్టం. ఎప్పుడోగానీ రాని చుట్టం. అది ఒప్పుకుని వెళితే మీకు సగం బరువు తగ్గుతుంది. చుట్టానికీ ఆ ఇంట్లో చోటుంటుంది, మర్యాద ఉంటుంది. కూతురి చోటు మళ్లీ కావాలంటే మాత్రం ఒక్క వారంలో రాదు.

హోటల్ వద్దు. ఆ ఊళ్లో పెద్దమ్మ ఇల్లుండగా మీరు డబ్బిచ్చి గది తీసుకుంటే సాయంత్రానికి ప్రతి గుమ్మంలోనూ అదే మాట. అలాగని ‘మీ ఇంట్లోనే దిగుతాం’ అని మీరు తేల్చేయకండి. పెళ్లిల్లు, ఎక్కడెక్కడి వాళ్లో దిగుతారు. ‘మమ్మల్ని ఎక్కడ ఉండమంటావు పెద్దమ్మా?’ అని అడగండి. పక్కింట్లో చాప చూపించినా ఆ చాపే.

పెళ్లికి నాలుగు రోజుల ముందు చేరండి. తమ్ముడి మాట పెళ్లి హడావుడిలో ఎత్తే మాట కాదు. మొదటి రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, వంటింట్లో ఆవిడ ఒక్కరూ ఉన్నప్పుడు వెళ్లి కూర్చోండి. పరీక్షలు, ఓడలు, సెలవులు, ఏ కారణమూ చెప్పకండి. ‘రావాల్సింది, రాలేదు పెద్దమ్మా’ అనండి చాలు. తమ్ముణ్ణి పేరు పెట్టి తలుచుకోండి. కొడుకు పోయిన తల్లి ముందు ఆ పేరు ఎత్తడానికి అందరూ జంకుతారు. నా దగ్గరికొచ్చే తల్లులు చాలామంది పడే బాధ అదే, బిడ్డ పేరు చెవిన పడటమే మానేసిందని. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. కోప్పడితే పడండి.

స్నేహితురాలి దగ్గర మీరు చేయాల్సింది పెద్దగా లేదు. వాళ్లింటికి వెళ్లండి, వాళ్లమ్మాయి ఏం చదువుతోందో అడగండి, గాజువాకలో మీ ఇంటి సంగతులు ఆవిడ అడిగితేనే చెప్పండి.

తిరుగు టిక్కెట్టు గట్టిగా పెట్టుకోవద్దని మీవారికి చెప్పండి. పోయినసారి వారం రోజుల్లో ఓడలకీ, పోర్ట్ బ్లెయిర్‌కీ ఎన్ని పోయాయో లెక్కేసుకోండి. గంట గంటకీ ఓడ టైము చూసుకునే చుట్టంతో ఎవరూ మనసు విప్పరు. మాఘంలో అక్కడ ఐదున్నరకల్లా చీకటి పడుతుందని మీకు నేను చెప్పాలా? అరుగుల మీద కబుర్లకి పొద్దంతా అప్పుడే. ఆ సాయంత్రాలు వాళ్లకివ్వండి. హేవ్‌లాక్ మీవారికీ పాపకీ చూడాలనుంటే పెళ్లయ్యాక చివర్లో రెండు రోజులు పెట్టుకోండి, తప్పేం లేదు. అన్నట్టు, 2018లో దాని పేరు స్వరాజ్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. అక్కడివాళ్లు ఏ పేరు వాడుతుంటే మీరూ అదే వాడండి.

పాపకి ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. సునామీ రోజు ఏమైందని ఎవరినీ తనంతట అడగొద్దని. వాళ్లే చెబితే ఫోన్ పక్కన పెట్టి వినమని.

ఖరీదైన చీరలు మోసుకెళ్లకండి. తిరిగి అంత పెట్టలేక అన్నయ్య ఇబ్బంది పడతాడు. మాడుగుల హల్వా నాలుగు రోజుల ప్రయాణానికీ నిలుస్తుంది, అది తీసుకెళ్లండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి కుంకుమ పెళ్లికూతురికి పట్టుకెళ్లండి. మిగతావి పెద్దమ్మనే అడగండి. ఇక్కడి చింతపండో, ఏదో మందో, ఆవిడకి కావాల్సింది ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రే ఫోన్ చేయండి, ఎనిమిదిలోపు. అక్కడ తొందరగా పడుకుంటారు.