డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య నాన్న బరువు 3 కిలోలు పెరగడం గురించి

నాన్న బరువు ఇలా పెరుగుతుంటే, పిన్ని చెప్పినదానికంటే ఎక్కువ నీళ్లిస్తోందని మీ అనుమానం. మీ పిన్ని అబద్ధం చెప్పడం లేదేమో. "లీటరు నీళ్లే ఇస్తున్నాను" అన్నది నిజమే కావచ్చు. పొద్దున చోడంబలి (రాగి అంబలి), మధ్యాహ్నం చారు, మజ్జిగ, రెండు టీలు ఆవిడ లెక్కలోకి రావడం లేదు. శ్రీకాకుళం ఉద్దానం ఇళ్లలో ఇవి లేని రోజుండదు కదా. రెండు రోజుల్లో 3 కిలోలంటే దాదాపు 3 లీటర్ల నీరు, ఒంటికి పట్టిన తిండి కాదు.

అందరూ వదిలేసేది ఉప్పు. ఎండుచేప, ఆవకాయ తిన్నాక దాహం ఆగదు. మీరు చెంబు దాచినా ఆయన అడిగి తాగుతారు.

1. డాక్టరు లీటరు అని రాస్తే, పొద్దున్నే లీటరు సీసా నింపండి. గ్లాసు అంబలి తాగితే సీసాలోంచి గ్లాసు నీళ్లు తీసేయండి. చారుకీ, టీకీ అంతే. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి సరి.

2. ఉప్పు రోజంతటికీ 5 గ్రాములు దాటకూడదు, పచ్చడితో కలిపి. 'తక్కువ సోడియం' ఉప్పు కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, ఆయన గుండెకు ప్రమాదం.

3. ఇవి మీ నోటితో చెప్పకండి, తప్పుపట్టినట్టు ఉంటుంది. వచ్చేసారి పిన్నినే ఆయన వెంట పంపి, డయాలసిస్ నర్సు చేత చెప్పించండి. వండేది ఆవిడే.

ఆయాసంతో వెల్లకిలా పడుకోలేకపోతే తర్వాతి డయాలసిస్ రోజుదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.