‘ఆ సంగతి మీకెలా తెలిసింది?’: చరిత్రకారులతో పుస్తక సంభాషణలపై మీ ప్రశ్నలు

కొత్తగా వచ్చిన చరిత్ర పుస్తకాల గురించి వాటి రచయితలతో మాట్లాడి, ఆ సంభాషణను అచ్చులోనో ఆడియోగానో అందించేవారు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: చేతిలో 480 పేజీల చరిత్ర పుస్తకం ఉంది. పది రోజుల్లో రచయితతో గంటసేపు ఇంటర్వ్యూ. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాను. మొత్తం చదవాల్సిందేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చదవాల్సిందే. అయితే 480 అంకె చూసి బెదరకండి. ఆధారాలు విస్తారంగా చూపించే పుస్తకాల్లో చివరి భాగమంతా నోట్సు (ఏ మాటకు ఆధారం ఎక్కడిదో చెప్పే వివరణలు), గ్రంథసూచి, పదసూచికే (ఇండెక్స్) ఉంటాయి. మీ పుస్తకంలో అవి వంద పేజీలనుకుంటే మిగిలేవి 380. గంటకు 30 పేజీల లెక్కన పదమూడు గంటల లోపే. రోజుకు గంటన్నర కూర్చుంటే తొమ్మిదో రోజుకు పూర్తవుతుంది.

చదివే వరుస మాత్రం మార్చండి. ముందు ఉపోద్ఘాతం, వెంటనే చివరి అధ్యాయం. రచయిత ఏం నిరూపిస్తానని బయల్దేరారో, ఎంతదూరం వచ్చి ఆగారో ఈ రెండింటిలో తెలుస్తుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే మీకు మొదటి మంచి ప్రశ్న దొరికినట్టే. తర్వాత, చాలామంది తిప్పేసే కృతజ్ఞతల పేజీ. ఏయే ఆర్కైవ్స్‌లో పనిచేశారు, ఏ భాష పత్రాలకు ఇతరుల సాయం తీసుకున్నారు, ఎన్నేళ్లు పట్టింది, మొదట ఇది పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసమా అన్నవన్నీ అక్కడే బయటపడతాయి. ఆ తర్వాత పదసూచిక. ఏ పేరు పక్కన పేజీ నంబర్లు బారులు తీరాయో, ఉండాల్సిన ఏ మాట అసలే లేదో చూడండి. కరువు గురించిన పుస్తకంలో ‘ధరలు’ ఉండి ‘వలసలు’ లేకపోతే, అది కావాలని వదిలిందా అని అడగవచ్చు. కానీ పదసూచికను తరచుగా వేరేవాళ్లు తయారుచేస్తారు. లోపల అధ్యాయాల్లో వెతికి చూశాకే ఆ మాట ఎత్తండి.

ఇక మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. ఒక్క అధ్యాయాన్ని మాత్రం నోట్సు ఎదురుగా తెరిచి పెట్టుకుని వాక్యం వాక్యం చదవాలి. మీకు బాగా నచ్చిన అధ్యాయం కాదు, మొత్తం వాదన దేనిమీద నిలబడిందో అది. నోట్లను మూడు రకాలుగా విడదీయండి: ఆనాటి పత్రాన్ని రచయిత స్వయంగా చూసి రాసినవి, అచ్చయిన సంకలనం నుంచి తీసుకున్నవి, మరో చరిత్రకారుడి పుస్తకాన్ని చూపినవి. కీలకమైన వాక్యం కింద మూడో రకం నోటు కనిపిస్తే ఆ తీగ లాగండి. ఆ పాత పుస్తకం సంపాదించి, చెప్పిన పేజీ తెరవండి. అక్కడ ‘బహుశా’ అని ఉన్నది ఇక్కడికొచ్చేసరికి ‘అని తేలింది’గా మారిన సందర్భాలు అరుదేమీ కాదు.

చదువుతూ పేజీ నంబరు వేసి చీటీలు పెట్టుకోండి. నలభై చీటీలు తేలితే, వాటిలో పన్నెండింటిని ప్రశ్నలుగా మార్చండి. గంటకు పది, పన్నెండుకు మించి పట్టవు. అట్ట వెనక రాత మీద ఒక్క ప్రశ్న కూడా కట్టకండి. అది సాధారణంగా ప్రచురణ సంస్థ రాయించేది. శీర్షిక కూడా చాలాసార్లు వాళ్ల ఒత్తిడితో పెట్టిందే. దాన్ని పట్టుకుని పుస్తకం గురించి మాట్లాడటం శుభలేఖ చూసి పెళ్లి ఎలా జరిగిందో చెప్పినట్టుంటుంది.

ప్రశ్న: ‘మీ పుస్తకం గురించి చెప్పండి’ అని అడిగితే రచయిత పావుగంట ఆగకుండా ఉపన్యాసం ఇచ్చారు. పెద్దాయన, మధ్యలో ఆపితే బాగుండదు. ఎలా?

జవాబు: ఆయన మీరు అడిగినదానికే జవాబు చెప్పారు. పుస్తకం గురించి చెప్పమంటే ఏ రచయితయినా ఆవిష్కరణ సభలో చెప్పిన సారాంశమే మళ్లీ అప్పజెబుతారు. దానికి బదులు చేతికి తగిలే వస్తువుతో మొదలుపెట్టండి. ‘112వ పేజీలో ఒక గుమాస్తా లెక్కల పుస్తకం గురించి రాశారు. అది మీకు ఎక్కడ దొరికింది? చూడటానికి ఎలా ఉంది?’ అని అడిగి చూడండి. గొంతే మారిపోతుంది.

అక్కడి నుంచి మెట్లు మెట్లుగా వెళ్లాలి. ఆ పత్రాన్ని ఎవరు, ఎవరికోసం రాశారు? రాసినవాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమైనా ఉందా? దాన్నుంచి మీరు ఏం తేల్చారు? అదే పత్రం చదివి ఇంకెవరైనా వేరేగా తేల్చారా? ఎలాంటి ఆధారం దొరికితే మీ మాట మార్చుకుంటారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబే సంభాషణ మొత్తానికి గుండెకాయ. తొందరపడి మొదట్లోనే అడిగితే మాత్రం అది సవాలులా వినిపించి ఆయన బిగుసుకుపోతారు. నలభయ్యో నిమిషం దగ్గర అడగండి.

ప్రశ్నలు చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకే ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఇరికిస్తే రచయిత సులువైనదానికే జవాబు చెప్పి రెండోది మర్చిపోతారు. మనం చదివిందంతా చూపించుకోవాలని నిమిషంసేపు పీఠిక వేస్తే ‘అవునండీ, సరిగ్గా చెప్పారు’ అని ఊరుకుంటారు. ప్రశ్న ఇరవై మాటలు దాటితే కత్తిరించండి.

ఆపడం విషయానికొస్తే, మొదలయ్యే ముందే ‘ఒక్కో జవాబు రెండు మూడు నిమిషాలుంటే బాగుంటుంది, దాటితే చెయ్యెత్తుతాను’ అని చెప్పేయండి. ముందే ఒప్పుకున్నదానికి ఎవరూ నొచ్చుకోరు. లేదంటే, ఊపిరి తీసుకున్నచోట ఆయన మాటనే అందుకోండి: ‘పన్ను రిజిస్టర్లన్నారు, అక్కడ ఒక్క క్షణం ఆగుదాం.’ ఇది అడ్డుపడటంలా కాదు, శ్రద్ధగా వింటున్నట్టు వినిపిస్తుంది.

మరిచిపోకూడని ప్రశ్న ఇంకొకటి: ఈ పుస్తకం ఇప్పుడే ఎందుకు వచ్చింది? కొన్నిసార్లు కారణం చట్టంలో ఉంటుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ దస్త్రాలను 50 ఏళ్ల తర్వాతే జనానికి చూపాలని 1958 చట్టం చెప్పింది. 1967లో ఆ గడువును 30 ఏళ్లకు తగ్గించారు. దాన్ని 20 ఏళ్లకు కుదిస్తూ 2010లో చేసిన మార్పు 2013 నుంచి దశలవారీగా అమలైంది. పన్నెండో పయస్ పోప్ (1939-58) కాలపు పత్రాలను వాటికన్ పరిశోధకుల కోసం 2020 మార్చి 2న తెరిచింది. ఇలా కొత్తగా తెరుచుకున్న దస్త్రాల మీద పుస్తకం వస్తే, ఎన్ని పెట్టెలు చూశారు, ఏవి ఇంకా మూసే ఉన్నాయి, జాబితా పూర్తయిందా అని అడగాలి. కొత్త పత్రమేదీ లేకుండానే వచ్చిన పుస్తకం తక్కువదేమీ కాదు. పాత పత్రాలను ఏ కొత్త ప్రశ్నతో చదివారో చెప్పించండి.

ప్రశ్న: పుస్తకంలోని ఒక తేదీకి, మరో ప్రామాణిక గ్రంథంలోని తేదీకి పది రోజులు తేడా ఉంది. ఇంటర్వ్యూలో నిలదీయవచ్చా?

జవాబు: నిలదీసే ముందు క్యాలెండర్ చూసుకోండి. పది, పదకొండు, పదమూడు రోజుల తేడా కనిపిస్తే తప్పు కన్నా పాత జూలియన్ క్యాలెండర్ నుంచి నేడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు జరిగిన మార్పే కారణం కావచ్చు. గ్రెగోరియన్ పద్ధతిని మొదట తీసుకున్న ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్‌లలో 1582 అక్టోబర్ 4 తర్వాతి రోజు అక్టోబర్ 15. బ్రిటన్‌లో 1752 సెప్టెంబర్ 2 తర్వాత 14 వచ్చింది. రష్యాలో 1918 జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14. అందుకే 1917 అక్టోబర్ 25న జరిగిన రష్యా విప్లవం నేటి లెక్కలో నవంబర్ 7.

ఏడాది తేడా ఉన్నా తొందరపడొద్దు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ శిరచ్ఛేదం మనకు 1649 జనవరి 30. ఆనాటి కాగితాల్లో అది 1648. హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరానికి 354 లేదా 355 రోజులే కాబట్టి అది సాధారణంగా రెండు క్రీస్తుశక సంవత్సరాల మీదుగా సాగుతుంది. హిజ్రీ 1000 అంటే 1591-92. పత్రంలో నెల లేకుండా సంవత్సరం మాత్రమే ఉంటే ఒకరు 1591 అని, ఇంకొకరు 1592 అని రాస్తారు. ఈ మార్పిడి ఎలా చేశారన్నది చాలా పుస్తకాల్లో ఉపోద్ఘాతం పక్కనే చిన్న గమనికగా ఉంటుంది. ముందు అది చదవండి.

ఇవన్నీ చూశాక కూడా తప్పేనని తేలితే, అది ఏ రకం తప్పో చూడాలి. ముద్రారాక్షసమైతే పేజీ నంబరుతో ముందే ఉత్తరం రాసెయ్యండి. తర్వాతి ముద్రణలో దిద్దుకుంటారు, మైకు ముందు దాని పనిలేదు. వాదన మొత్తం ఆ తేదీ మీదే ఆధారపడితే మాత్రం తప్పకుండా అడగాలి. కాకపోతే అడగబోతున్నామని ముందురోజే చెప్పి, పుస్తకం, నోట్సు దగ్గర పెట్టుకోమనండి. చెప్పకుండా అడిగితే ‘చూసి చెబుతాను’ అంటారు. నిజాయితీ గల జవాబే, వినేవాడికి మాత్రం ఏమీ దక్కదు.

ప్రశ్న: ప్రశ్నలన్నీ ముందే పంపమంటున్నారు. పంపాలా?

జవాబు: అంశాలు పంపండి, ప్రశ్నల మాటలు పంపకండి. పంపితే రాసుకొచ్చి చదువుతారు. మీరు ప్రస్తావించబోయే పేజీ నంబర్లు మాత్రం తప్పక ఇవ్వాలి. రాత పూర్తయ్యాక పుస్తకం బయటికి రావడానికి ఏడాదో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఈలోగా రచయిత వేరే పనిలో మునిగిపోయి, తన నోట్లే తాను మర్చిపోతారు.

ప్రశ్న: విడుదలకు ముందు ప్రూఫు ప్రతి పంపారు. దాన్నుంచే వాక్యాలు ఉటంకించవచ్చా?

జవాబు: వద్దు. ప్రూఫులో పేజీ నంబర్లు మారతాయి, పదసూచిక తరచుగా ఉండదు, కొన్నిసార్లు వాక్యాలే ఎగిరిపోతాయి. ఉటంకించదలచిన ప్రతి వాక్యాన్నీ అచ్చు ప్రతితో సరిపోల్చండి. అది చేతికి రాకపోతే ప్రచురణ సంస్థకు ఆ వాక్యాలు పంపి సరిచూడమనండి. ఫలానా తేదీ వరకు బయటపెట్టవద్దని షరతు పెట్టారేమో కూడా కవరింగ్ లెటర్‌లో చూసుకోండి.

ప్రశ్న: ఇద్దరం వేర్వేరు ఊళ్లలో ఉండి ఆన్‌లైన్‌లో రికార్డు చేస్తే రచయిత గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. ఏం చేయాలి?

జవాబు: కాల్‌ని రికార్డు చేయకండి. కాల్ కేవలం మాట్లాడుకోవడానికే. నెట్ తగ్గినప్పుడల్లా అది గొంతును నలిపేస్తుంది, ఆ నష్టాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. ఎవరి వైపు వాళ్లు విడిగా రికార్డు చేసుకోవాలి. రచయిత ఫోన్‌లోని వాయిస్ రికార్డర్ అయినా చాలు, ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టమనండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘ఫ’ పలికినప్పుడు గాలి కొట్టి టప్‌మంటుంది. ఇద్దరూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి. లేకపోతే మీ గొంతు ఆయన స్పీకర్లోంచి ఆయన మైకులోకి దూరుతుంది.

సెట్టింగ్స్ మార్చే వీలుంటే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. ఒక గొంతుకు గంటకు 520 మెగాబైట్ల దాకా అవుతుంది, ఫోన్‌లో చోటుందో లేదో ముందే చూడమనండి. గట్టిగా మాట్లాడినప్పుడు శబ్దం స్థాయి చూపే సూచీ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నా తాకితే శబ్దం చిరిగిపోతుంది, తగ్గించినా అతకదు. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి చప్పట్లు కొట్టించండి. రెండు యంత్రాల గడియారాలు ఒకేలా నడవవు కాబట్టి గంట తర్వాత ప్రశ్న, జవాబు ఒకదానిమీద ఒకటి ఎక్కవచ్చు. చప్పట్ల గుర్తుతో సరిచేసుకుంటారు. అర నిమిషం గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయించండి, కోత పెట్టినచోట అతుక్కోవడానికి పనికొస్తుంది. గోడల నిండా పుస్తకాలున్న గది మంచిదే. చరిత్రకారుల ఇళ్లలో దానికి కొరత ఉండదు.

ప్రశ్న: గంట సంభాషణను పదిహేను వందల మాటలకు కుదించాలి. ఎంతవరకు దిద్దవచ్చు? తర్వాత రచయిత తన జవాబు మార్చమంటే?

జవాబు: ముందు మొత్తం రాసుకోండి. చేత్తో రాస్తే గంట ఆడియోకి నాలుగు నుంచి ఆరు గంటలు. యంత్రం రాసిచ్చిన ప్రతిని నమ్మితే పేర్లు, సంవత్సరాలు, ఊళ్ల దగ్గరే దెబ్బతింటారు. చరిత్ర ఇంటర్వ్యూలో ఉండేవి అవే కదా! ప్రతి అంకెనూ ఆడియోతో ఒకసారి, పుస్తకంతో ఒకసారి సరిచూడండి.

తీసేయదగ్గవి: ‘అంటే’, ‘చూడండి’ లాంటి ఊతపదాలు, మళ్లీ మళ్లీ చెప్పినవి, మీ పీఠికలు. ప్రశ్నల వరుస మార్చవచ్చు. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును మరో ప్రశ్న కింద పెట్టకూడదు. అన్నింటికన్నా ఎక్కువ జరిగే నష్టం వేరొకటి. చోటు చాలక ‘బహుశా’, ‘ఈ ఒక్క జిల్లా మేరకు’, ‘దొరికిన పత్రాలను బట్టి’ లాంటివి ఎగరగొడతారు. ‘ఆ ఏడాది సగం ఊళ్లు ఖాళీ అయ్యాయి’ అన్న వాక్యానికీ, ‘రిజిస్టర్లు మిగిలిన ఊళ్లలో సగం ఖాళీ అయ్యాయి’ అన్న వాక్యానికీ తేడా మూడు మాటలే. మొదటిది శీర్షికకు ఎక్కుతుంది, రెండోది మాత్రమే రచయిత అన్నది. ఆ మూడు మాటలకు చోటు లేకపోతే ఆ వాక్యాన్నే వదిలేయండి.

రచయితకు చూపించే ప్రతిలో తేదీలు, పేర్లు, పత్రాల వివరాలు దిద్దుకోనివ్వండి. దానికి మూడు రోజుల గడువు చాలు. అన్న అభిప్రాయాన్ని తిప్పి రాసి పంపితే మాత్రం ఒప్పుకోవద్దు. మొదట అన్నది ఉంచి, దాని కింద ‘తర్వాత రచయిత ఇలా వివరించారు’ అని కొత్త మాట చేర్చండి. ఈ పద్ధతి రికార్డింగ్‌కు ముందే ఇద్దరూ ఒక ఈమెయిల్‌లో రాసుకుంటే తర్వాత పేచీ ఉండదు.